చైనా సూదుల డాక్టరమ్మ

మా ఆయన కొండ బస్సు నడిపేవారు. అలిపిరి దాటి తిరుమలకు ఎక్కే బస్సు. పెళ్ళయిన కొత్తలో ఎవరైనా అడిగితే నేను డ్రైవరని చెప్పేదాన్ని. మా అత్త వెంటనే సరిదిద్దేది. "డ్రైవరు కాదు, ఘాటు డ్రైవరు." కింద ఊళ్ళకు బస్సు తోలేవాళ్ళు వేరు, కొండకు తోలేవాళ్ళు వేరు అని ఆమె నమ్మకం. నిజమే కూడా. ఆ మలుపుల మీద పూర్తి బస్సును దించుకొచ్చే చేతులు అందరికీ ఉండవు. నేను తిరుపతిలోనే ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. బడిలో నన్ను చాలామంది టీచరమ్మ అనే కంటే ఘాటు డ్రైవరు గారి భార్య అనే గుర్తు పెట్టుకున్నారు.

ఆ గౌరవం ఒక్క వైద్య పరీక్షతో పోయింది. డ్రైవర్లకు ఏటా చేసే పరీక్షలో ఆయనకు బీపీ ఎక్కువ ఉందన్నారు. మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు. పెద్దాసుపత్రికి పంపి మళ్ళీ చూపిస్తే, కిడ్నీలు సగానికి పైగా పని మానేశాయని తేలింది. ఆయనకు కాళ్ళ వాపు లేదు, ఆకలి తగ్గలేదు, జ్వరం రాలేదు. నడుం నొప్పి మాత్రం ఉండేది. ఆ సీట్లో కూర్చునే ప్రతి మనిషికీ ఉండేదే కదా అనుకున్నాం. దానికి ఆయన ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగారు, వేరుశెనగ గింజలు నోట్లో వేసుకున్నంత తేలిగ్గా.

కిడ్నీ డాక్టరు రిపోర్టు చదివి మొదట ఆ మాత్రల గురించే అడిగారు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు.

"పోయిన భాగం తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని ఎంతకాలం కాపాడుకుంటామన్నదే ఇప్పుడు మన చేతిలో ఉండే పని."

ఆయనను స్టీరింగు మీది నుంచి దించి, డిపోలో బస్సుల రాకపోకలు చూసుకునే కుర్చీ ఇచ్చారు. మొదటి రోజు సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడ్డారు. ఏమైందంటే, "ఏంలేదు. కూసోని కూసోని కాళ్ళు పట్టేసినాయి," అన్నారు. ఆ రోజు నుంచి కొండ వైపు కిటికీ దగ్గర కూర్చోవడం మానేశారు.

ఇంట్లో వంట మారింది. ఉప్పు తగ్గింది. సంగటిలోకి పుల్లగూర పోయింది, టమోటా పోయింది, అరటిపండు పోయింది. ఉడికించిన నీళ్ళు వంపేసిన కూరలు వచ్చాయి. ఆయన ఎదురు మాట్లాడకుండా తినేవారు. అదే నాకు కష్టంగా ఉండేది. విసుక్కున్నా బాగుండేదనిపించేది.

నడుం నొప్పి మాత్రం ఆయన్ని వదల్లేదు, కిడ్నీకి చేటని డాక్టరు ఆపేశాక నొప్పి మాత్రలు వేసుకోవడానికి లేదు. రాత్రిళ్ళు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగడానికి మంచం పట్టె పట్టుకునేవారు. మా బడిలో లెక్కల టీచరు మెడనొప్పికి సూదులు పెట్టించుకుంటోంది. మందులు లేకుండా సూదులతోనే తగ్గిందని చెప్పింది. అలా మేము ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కిడ్నీ కోసం కాదు, నడుము కోసం.

కొర్లగుంటలో ఒక మేడ మీద రెండు గదులు ఆమె ఆసుపత్రి. ఆమెది చిత్తూరు. డాక్టరు చదువుకు చైనా వెళ్ళి, అది అయిపోయాక అక్కడి సంప్రదాయ వైద్యం నేర్చుకోవడానికి మరికొన్నేళ్ళు ఉండిపోయిందట. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. గొంతు కొంచెం బొంగురుగా ఉండేది. మేము ఇచ్చిన రిపోర్టులు బల్ల మీద పెట్టి, మొదట ఆయన రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"నాలుక సాపండన్నా," అంది తర్వాత.

ఆయన నా వైపు చూసి నాలుక చాపారు. ఆమె దాన్ని టార్చి వేసి చూసింది. అప్పుడు అడిగింది.

"మీకు భయం జాస్తినా?"

"భయమా? నాకా?" ఆయన నవ్వారు. "ఘాట్లో బండి తోలేవోడికి భయముంటే అయితాదామ్మా?"

"చైనా వైద్యంలో ఒక మాట ఉండాదన్నా. భయం మూత్రపిండాల్లో కాపురముంటాదని అంటారు. అది నిజమో కాదో పక్కన పెట్టండి. నేను ప్రతి కిడ్నీ పేషెంటునూ అడుగుతాను. సెప్పాలనుంటేనే సెప్పండి."

ఆయన కాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నారు.

"బండెక్కిన ప్రతిసారీ," అన్నారు ఆయన. "ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. వెనకాల నిండా జనం, సంకలో బిడ్డలు. గోవిందా గోవిందా అంటా ఉంటారు. వాళ్ళు దేవుణ్ణి నమ్ముకోని కూసోనుంటారు. నేను బ్రేకును నమ్ముకోని కూసోనుంటా. ఏ మలుపులో అది పట్టకుండా పోతాదో అని, మలుపు రాకముందే ఒకసారి తొక్కి సూసుకుంటా. ఇంటికొచ్చినాక కూడా కుడికాలు అదురుతానే ఉంటాది."

అన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో ఆ మాట అనలేదు. నిద్రలో కాలు అదరడం నేను చూశాను. అలసట అనుకున్నాను. పక్కన కూర్చున్న నాకు ఆ క్షణంలో ఏడవాలనిపించలేదు గానీ, ఆమె టేబుల్ మీది నీళ్ళు అడిగి తాగాను.

డాక్టరమ్మ మాకు ఏ ఆశా చూపించలేదు. "నడుం నొప్పి తగ్గించొచ్చు. కిడ్నీకి చైనాలో సూదులు పెడతారు, మూలికలిస్తారు, కషాయాలిస్తారు. అక్కడి ఆసుపత్రుల్లో రేవల్చిన్ని వేరు కషాయం వాడడం నేను కండ్లారా సూసినా. జబ్బు నిదానిస్తాదని వాళ్ళ నమ్మకం. కొందరికి నిదానించినట్టే అనిపించింది. కానీ ఈడ నాకు నమ్మకమైన సరుకు దొరకదు. అందుకని నోట్లోకి నేనేమీ ఇయ్యను. సూదులూ, కాపడం, అంతే. మీ కిడ్నీ డాక్టరు మాత్రలు ఒక్కటి కూడా మానకూడదు. ముందు ఆయన్ని అడిగి రాండి."

కిడ్నీ డాక్టరును అడిగాం. ఆయన కోప్పడలేదు. శుభ్రమైన సూదులైతే పెట్టించుకోమన్నారు, పసరూ పొడీ ఏదీ మింగొద్దన్నారు. ఇద్దరూ ఒకే మాట చెప్పినందుకు మాకు ధైర్యం వచ్చింది.

వారానికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. వెంట్రుకల్లాంటి సూదులు. చీలమండ దగ్గర, మోకాలి కింద, నడుము మీద గుచ్చేది. తర్వాత చుట్టలాంటిదొకటి వెలిగించి, చర్మానికి తగలకుండా సెగ చూపించేది. గదంతా ఘాటైన పొగ. ఆ వాసన నాకెక్కడో తెలిసినట్టుండేది. అడిగితే, "మన మాచిపత్రి జాతేనక్కా. వినాయకుడి పూజలో పెడతాం కదా. చైనా వాళ్ళు ఎండబెట్టి, నలిపి, కాగితంలో చుడతారు," అంది. అరికాలి మధ్యలో ఒక చోట సెగ పెట్టేటప్పుడు, ఆ చోటును వాళ్ళు ఉబికే ఊట అంటారని చెప్పింది. మా ఆయనకు ఆ పేరు నచ్చింది. ఇంట్లో కూడా "ఆ ఊట కాడ కొంచెం రుద్దు" అనేవారు.

పక్క మంచం మీద ఐరాల నుంచి వచ్చే రైతు పడుకునేవాడు. అరవై దాటిన మనిషి. షుగరు వల్ల కిడ్నీలు చెడ్డాయి. చెరకు వేస్తాడు, సొంతంగా గానుగ పెట్టి బెల్లం వండుతాడు. తాను వండే బెల్లాన్ని తాను నాకకూడదని ఆయనకు చాలా కోపం.

"పాకం దించేటప్పుడు వాసన సూసేదానికి లేదంటే, ఇంగ నేను రైతునెట్లయితానప్పా," అనేవాడు మా ఆయనతో.

"వాసనకు షుగర్రాదులే మామా."

"నీకు తెల్దు. నాకు వాసనకే వస్తాది."

మా ఆయన ఇంట్లో కంటే ఆ మంచం మీద ఎక్కువ మాట్లాడేవారు. ఒక సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్టు వదులుతున్నారని కింది ఇంటివాళ్ళంతా మిద్దె మీదికి పరుగెత్తారు. ఈ ఇద్దరూ ఒళ్ళంతా సూదులతో కదల్లేక పడుకుని ఉన్నారు. నేను కిటికీ నుంచి తెల్లటి గీత పైకి పోవడం చూసి చెప్తుంటే, రైతు అన్నాడు, "సక్కంగా పోతా ఉండాదా? వంకరపోతే సెప్పు, మీ ఆయన్ని పంపిస్తాం తోలేదానికి." మా ఆయన నవ్వితే నడుము మీది సూదులు కదిలాయి. డాక్టరమ్మ ఇద్దరినీ గమ్మునుండమని కసిరింది. ఆ సాయంత్రం తర్వాత ఆయన అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

నడుం నొప్పి తగ్గింది. నిద్ర పట్టింది. రక్తపరీక్షలో కిడ్నీ పని చెప్పే అంకె, క్రియాటినిన్, పెరగకుండా నిలబడింది. ప్రతిసారీ రక్తం ఇచ్చి వచ్చి, ఫలితం వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. అలాగే ఉందని తెలిస్తే ఆయన డాక్టరమ్మకు ఫోను చేసేవారు. "అట్లనే ఉండాదమ్మా," అనేవారు. అంతకంటే మంచి వార్త మాకు లేదు.

రైతుకు మాత్రం అంకె నిలబడలేదు. మెల్లగా పెరుగుతూ వచ్చింది. చెరకు కొట్టే కాలం వచ్చింది. కొన్ని వారాలు ఆయన రాలేదు. వచ్చినప్పుడు ముఖం తేటగా ఉంది. చేతిలో కాగితం పొట్లాలు ఉన్నాయి. అరవ సరిహద్దు అవతల ఒకాయన చైనా మూలిక పొడి ఇస్తున్నాడని, దానితో ఒంట్లో నీరంతా దిగిపోయిందని, సంగటి ముద్ద మళ్ళీ రుచిగా ఉందని చెప్పాడు. ఇంగ్లీషు మాత్రలు నీరసం తెస్తున్నాయని మానేశాడట.

డాక్టరమ్మ చేతిలోని సూది పక్కన పెట్టేసింది.

"దాంట్లో ఏముందో తెలుసునా పెద్దాయనా?"

"చైనాదే కదమ్మా. నువ్వు చేసేదీ చైనాదే. నువ్వు పైన గుచ్చుతావు, ఆయన లోపలికిస్తాడు."

"చైనాలోనే ఒక జాతి వేరు తిని శానామందికి కిడ్నీలు పోయినాయి. ఆడే దాన్ని వాడొద్దన్నారు. మన ఈశ్వరి తీగ దానికి చెల్లెలే. మూలికని పేరు పెట్టినంత మాత్రాన కిడ్నీకి మంచిది కాదు. మానేయండి. మాత్రలు మళ్ళా మొదలుపెట్టండి. నా మాటినండి."

"సరేలే," అన్నాడాయన. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర మా ఆయన జేబులో ఒక పొట్లం పెట్టాడు. నేను చూశాను. పెట్టినవాడి కళ్ళలో ప్రేమ తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చాక ఆయన ఆ పొట్లం విప్పి వంటింటి గట్టు మీద పెట్టారు. గోధుమ రంగు పొడి, చేదు వాసన. నేను పారేస్తానన్నాను.

"ఉండు. మామకు మేలు జరిగింది కదా."

"డాక్టరమ్మ చెప్పింది విన్నారు కదా."

"ఆ యమ్మకు తెల్దు కదా దీంట్లో ఏముండాదో. చెడ్డదని కూడా తెల్దు." పొడిని వేలితో కదిపారు. "నంబరు నిలబడింది నిలబడింది అంటా ఉండాం. నిలబడితే ఏమొచ్చింది? బండెక్కిస్తారా? భయపడి భయపడి ఎన్నాళ్ళు తినాల ఈ చప్పిడి తిండి?"

ఆయన గ్లాసులో నీళ్ళు పోసి, పొడి వేసి, చెంచాతో కలిపారు. గ్లాసు ఎత్తి పట్టుకుని కిటికీ వెలుతురులో చూశారు. అరిచినా, బతిమాలినా ఆ సమయంలో ఆయన తాగేసేవారని నాకు అనిపించింది. చివరకు ఆయనే సింకులో ఒంపేసి, చాలాసేపు కొళాయి తిప్పి ఉంచారు.

రైతు మానలేదు. చెరకు పని అయ్యేదాకానే అనుకున్నాడట. డాక్టరమ్మ ఫోను చేసినప్పుడల్లా మానేశానని చెప్పాడు. ఒక రోజు గానుగ దగ్గరే వాంతులు చేసుకుని పడిపోయాడు. తిరుపతి ఆసుపత్రికి తెచ్చి, మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు. మేము చూడ్డానికి వెళ్ళాం. ముఖం ఉబ్బి, కళ్ళు సన్నని గీతల్లా అయ్యాయి.

"నువ్వు తాగలేదు కదప్పా?" అని అడిగాడు మా ఆయన్ని.

"లేదు మామా."

"మంచిపని చేసినావు. నీకెందుకిచ్చినానా అని దిగులుపడి ఉండా." నా వైపు తిరిగి, "నేనే తాగినా పాపా. ఒగర్ని అనేది లేదు," అన్నాడు.

కొన్ని వారాలకే చనిపోయాడు. ఆ పొడిలో ఏముందో మాకు చివరిదాకా తెలియలేదు. అదే చంపిందో, మాత్రలు మానడం చంపిందో, జబ్బే అక్కడిదాకా వచ్చి ఉందో కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేదు.

ఐరాలకు ముగ్గురం కలిసి బస్సులో వెళ్ళాం. రానవసరం లేదని నేనన్నా డాక్టరమ్మ వచ్చింది. అప్పటికే మట్టి చేసేశారు. ఇంటి ముందు షామియానా కింద కుర్చీల్లో మనుషులు కూర్చుని ఉన్నారు. పక్క చేలో చెరకు సగం కొట్టి, సగం నిలబడి ఉంది. ఆమెను ఎవరో గుర్తుపట్టారు. "చైనా మందు డాక్టరమ్మ" అనే మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. పెద్దకొడుకు లేచి వచ్చాడు. తల గీయించుకుని ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ తావనే కదా మా నాయన చైనా మందుకు అలవాటు పడింది," అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆమె తల వంచుకుని నిలబడింది. ఆ పొడి నాది కాదు అని ఒక్కమాట అంటుందేమోనని నేను చూస్తున్నాను. అనలేదు. అప్పుడు మా ఆయన ముందుకొచ్చారు. నలుగురిలో నోరు విప్పని మనిషి.

"అబ్బాయ్, మీ నాయన పక్క మంచంలో పండుకున్నోణ్ణి నేను. ఆ పొడి యాడో తెచ్చుకున్నాడు. నాకూ ఇచ్చినాడు. ఈ యమ్మ వద్దని నా ముందరే చెప్పింది. నేను పారబోసినా, ఆయన తాగినాడు. అంతే జరిగింది."

ఆ అబ్బాయి ఆయన్ని తేరిపార చూశాడు. "అట్లయితే ఈమె సూదులన్నా ఏం చేసినాయి మా నాయనకు?"

లోపలి నుంచి రైతు భార్య వచ్చి, మాకు మజ్జిగ గ్లాసులిచ్చి, కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

తిరుగు బస్సులో డాక్టరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కాణిపాకం దాటాక అంది.

"ఆ అబ్బాయి అడిగింది తప్పు కాదక్కా. ఇద్దరికీ ఒకే చోట్ల సూదులు పెట్టినా. అన్నకు నిలబడింది, ఆయనకు నిలబడలేదు. అన్నకు నిలబడింది నా సూదులతోనా, మాత్రలతోనా, మీ వంటతోనా? నాకు తెల్దు. తెలుసునని ఎవురన్నా సెప్తే నమ్మొద్దు."

"నడుం నొప్పి తగ్గింది కదమ్మా. అది నాకు తెలుసు కదా," అన్నారు మా ఆయన.

ఆమె తల ఊపింది.

మాట ఊళ్ళోకి వచ్చేసింది. చైనా మందు తిని ఐరాలాయన పోయాడట అని మా బడిలోనే విన్నాను. నేను సరిదిద్దాను. వాళ్ళు సరే అన్నారు, మరునాడు ఇంకొకరితో అదే అన్నారు. మెడనొప్పి లెక్కల టీచరు కూడా వెళ్ళడం మానేసింది. మేడ మీది గదుల్లో రెండో మంచం చాలా రోజులు ఖాళీగా ఉంది. మా ఆయన దాని వైపు వీపు పెట్టి పడుకునేవారు. చివరకు ఆమె గదులు ఖాళీ చేసి చెన్నైలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరింది. వెళ్ళేముందు ఇంటికి వచ్చి ఆయన నాడి చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "మాత్రలు మానొద్దన్నా," అంది.

ఆమె వెళ్ళిన తర్వాత సంవత్సరం తిరగకముందే అంకె పెరగడం మొదలైంది. సూదులు ఆగినందుకా అని నేను కిడ్నీ డాక్టరును అడిగాను. ఈ జబ్బు ఎప్పుడో ఒకప్పుడు ఇలా కదలక తప్పదని ఆయన అన్నారు. చెన్నైకి ఫోను చేసి ఆమెనూ అడిగాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "ఆయన చెప్పిందే నిజమక్కా," అంది. ఆ మౌనంలో ఇంకేమన్నా ఉందా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

మా ఆయన ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు, డయాలసిస్ సూది దిగడానికి వీలుగా. ఆ చోట చెయ్యి పెడితే లోపల రక్తం బస్సు ఇంజనులా గుర్రుమంటుంది. ఈ సూదులు వెంట్రుకల్లాంటివి కావు. మొదటిసారి గుచ్చినప్పుడు ఆయన తల అటు తిప్పుకున్నారు. ఉద్యోగం వదిలేశారు. రోజు మార్చి రోజు ఆసుపత్రి. వచ్చిన రోజు పడుకోవడం, మరునాడు కొంచెం లేవడం, మళ్ళీ ఆసుపత్రి. నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఎండాకాలంలో నాలుక మీద ఐసుముక్క పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు.

మొన్న ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి పక్కన కూర్చుంది. మొగుడికి కొత్తగా కిడ్నీ జబ్బు తేలిందట, ఇంకా డయాలసిస్ దాకా రాలేదట. ఫోనులో ఏదో వీడియో చూపించింది.

"అక్కా, చైనా వైద్యంలో దీనికి మందుండాదంట. నీకేమన్నా తెలుసునా?"

నాకు తెలిసిందంతా చెప్పాను. సూదులు పెట్టించుకుంటే నొప్పికి సుఖంగా ఉంటుందని, చదువుకున్నవాళ్ళ దగ్గరే పెట్టించుకోవాలని, మాత్రలు మానకూడదని, ఎవరిచ్చినా పొడులు నోట్లో వేసుకోకూడదని. ఆ అమ్మాయి నేను ఇంకా ఏదో చెప్తానన్నట్టు చూస్తూనే ఉంది.

"అంతేనాక్కా?"

"అంతేనమ్మా."

ఆమె ముఖం వాడిపోయింది. ఫోను సంచిలో పెట్టుకుంది. నాకు ఆమెను ఇంకాసేపు కూర్చోబెట్టుకోవాలని ఉంది గానీ, లోపల మా ఆయన్ని మంచం దింపుతున్నారని నర్సు పిలిచింది. వెళ్ళేసరికి చేతికి కట్టుతో మంచం అంచున కూర్చుని, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నారు. నేను కిందికి వంగి తొడిగాను.

"బయట ఎవురితో మాట్లాడతాండావు?" అన్నారు.

"ఎవరో కొత్త అమ్మాయి," అన్నాను. ఆయన నా భుజం పట్టుకుని లేచారు. ఇద్దరం ఆటో కోసం నడిచాం.